అల్లుడికి, స్టూడియోలో అడుగు పెట్టే ముందు

అల్లుడూ,

మీ బ్యాండ్ మొదటి ఆల్బం చేస్తోందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు చెప్పలేదు. మిక్సింగ్ బల్ల ముందు కూర్చునే జుట్టు నెరిసిన మావయ్య ఒకడున్నాడని గుర్తు రాలేదా? సర్లే. వినగానే గర్వంగా అనిపించింది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. పాటల గురించి నాకు బెంగ లేదు. విన్నాను, బాగున్నాయి. రెండోదాంట్లో ఒక చరణం ఎక్కువైంది గానీ అది మీ ఇష్టం.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. గిటార్ తీగలు, డ్రమ్ హెడ్స్ ముందే మార్చుకోండి. ప్రతి పాట స్పీడు, శ్రుతి రిహార్సల్లోనే ఖాయం చేసుకోండి. గంటకింత అని అద్దె కడుతూ స్టూడియోలో వాదించుకోవద్దు. మిక్స్‌ను సౌండు తగ్గించి వినండి, తర్వాత కారులో, ఫోన్ స్పీకర్లో వినండి. మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు చేసే ఆఖరి మెరుగు, కొత్త చెవులకివ్వండి. పాట అందరికన్నా గట్టిగా మోగాలని సౌండును నొక్కి పెంచించకండి. స్పాటిఫై మామూలుగా అన్ని పాటల్నీ మైనస్ 14 లఫ్స్ (సౌండు ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే లెక్క) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. మీరు పెంచిందంతా అది తగ్గించేస్తే, చివరికి మీకు మిగిలేది ఊపిరాడని డ్రమ్ములే.

బీటిల్స్ బ్యాండ్ వాళ్ళు తమ మొదటి ఆల్బం కోసం 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేశారు. ఆ కథ నీకు తెలుసనే నా భయం, మనమూ అలా కానిచ్చేద్దాం అంటావని. వాళ్ళు క్లబ్బుల్లో రాత్రుళ్ళు రాత్రుళ్ళు వాయించి, చెయ్యి తిరిగినవాళ్ళు. అయినా జలుబుతో ఉన్న వాళ్ళ గాయకుడు జాన్ లెనన్ చేత గొంతు చించుకు పాడాల్సిన పాటను అన్నిటికన్నా చివర పాడించారు, ఆ తర్వాత గొంతు పనికిరాదని తెలిసే. నువ్వూ అరుపుల పాటలు చివరికే పెట్టుకో. గొంతు బొంగురుపోతే ఆ రోజుకి ఆపెయ్యి, మాట్లాడకు, గుసగుసలు కూడా వద్దు. స్కూల్ ఫంక్షన్‌లో జ్వరంతో పాడి వారం రోజులు మూగనోము పట్టావు, మర్చిపోయావేమో. మీ అమ్మ మర్చిపోలేదు.

ఇప్పుడు అసలు విషయం. నా నిద్ర పాడుచేసింది ఇదే.

వెనకటికి ఒక బ్యాండ్ ఆల్బం నేను రికార్డు చేశాను. నలుగురు కుర్రాళ్ళు, చిన్నప్పటి స్నేహితులు. పాటలన్నీ రిహార్సల్ గదిలో పుట్టినవే. ఒకడు గిటార్ మీద ఏదో మీటుతుంటే ఇంకొకడు కూనిరాగం తీసేవాడు, అదే పల్లవయ్యేది. ఎవరు ఏం చేశారో రాసుకోండ్రా అన్నాను. "మా మధ్య లెక్కలేంటండీ" అని నవ్వారు. కవరు అచ్చుకెళ్ళే రోజు హడావుడిలో రచన, సంగీతం అన్న చోట గాయకుడి పేరొక్కటే వేయించారు. అప్పుడెవరూ ఏమీ అనలేదు. ఆల్బం పెద్దగా అమ్ముడుపోలేదు కూడా, ఇక తగువెందుకొస్తుంది!

కొన్నాళ్ళకు అందులో ఒక పాటను ఎవరో ప్రకటన కోసం అడిగారు. వాళ్ళు మొట్టమొదట అడిగిందే ఇది: పాట ఎవరిది, సంతకాలు ఎవరెవరు పెట్టాలి? అప్పటికే డ్రమ్మర్ బ్యాండ్ వదిలేశాడు. పల్లవి బాణీ నాది, నా వాటా తేల్చందే ఒప్పుకోనన్నాడు. గాయకుడు కవరు మీద పేరు చూపించాడు. ఇద్దరూ విడివిడిగా నా దగ్గరికొచ్చి పాత రిహార్సల్ టేపు అడిగారు, ఆ కూనిరాగం ముందు ఎవరు తీశారో తేలిపోతుందని. వెతికితే దొరికింది. ఇద్దర్నీ కూర్చోబెట్టి వినిపించాను. గిటార్ మోగుతోంది, ఎవరో దగ్గారు, ఆ వెంటనే ఇద్దరి గొంతులూ ఒక్కసారే బాణీ అందుకున్నాయి. తర్వాత ఇద్దరూ పగలబడి నవ్వడం కూడా వినపడుతోంది. టేపు ఆగాక గాయకుడు "చూశారా, నాదే ముందు" అన్నాడు. డ్రమ్మర్ కూడా అదే మాటన్నాడు. ప్రకటనవాళ్ళు కొన్నాళ్ళు చూసి వేరే పాట తీసుకున్నారు. ఆ ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు.

నా మీద విసుక్కున్నా సరే, ఇది మాత్రం చెయ్యి. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయిరా. మాటలూ బాణీ కలిసి ఒకటి. మీరు స్టూడియోలో చేసిన రికార్డింగు, మాస్టర్ అంటారే, అది రెండోది. రెంటికీ హక్కుదారులు వేరు కావచ్చు, డబ్బూ వేరు దారుల్లో వస్తుంది. పాట పూర్తయిన రోజే ఎవరి వాటా ఎంతో, మొత్తం 100 శాతం అయ్యేలా కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి. స్ప్లిట్ షీట్ అంటారు దాన్ని. సమానంగా పంచుకుంటే నాకైతే నచ్చుతుంది. ఒక్క పాటకు వాయించడానికి బయటి నుంచి వచ్చినవాళ్ళతోనూ రాయించుకోండి. ఒకరు వెళ్ళిపోతే బ్యాండ్ పేరు ఎవరిదో కూడా అందులోనే రాయండి. మాస్టర్ మాకివ్వండని ఏ కంపెనీ అయినా అడిగితే ఎన్నేళ్ళకో చూడు. "శాశ్వతంగా" అన్న మాట కనపడిందా, పెన్ను కింద పెట్టి నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా పర్లేదు.

విడుదల గురించి నాకన్నా నీకే ఎక్కువ తెలుసు. 2015 జూలై నుంచి చాలా దేశాల్లో కొత్త ఆల్బంలు శుక్రవారమే వస్తున్నాయి. ఫైళ్ళు డిస్ట్రిబ్యూటర్‌కు, అంటే పాటల్ని స్పాటిఫై లాంటి వాటికి చేర్చే కంపెనీకి, కొన్ని వారాల ముందే పంపేయండి. స్పాటిఫైలో ప్లేలిస్టులు తయారుచేసే ఎడిటర్లకు ఒకసారికి ఒక్క పాటే చూపించగలరు, అదీ కనీసం 7 రోజుల ముందు. ఏ పాటో ఇప్పుడే తేల్చుకోండి, అక్కడా గొడవలొస్తాయి. ప్రతి రికార్డింగుకీ ఇచ్చే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్, ఆ రికార్డింగుకి గుర్తింపు నంబరు లాంటిది, జాగ్రత్తగా రాసి పెట్టుకో. రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా అదే కోడ్ ఇవ్వాలి, లేకపోతే విన్నవాళ్ళ లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవ్వచ్చు. ఏడాదిలో 1,000 సార్లు కూడా వినని పాటకు స్పాటిఫై 2024 నుంచి రాయల్టీ ఇవ్వడం లేదు, కాబట్టి మొదటి నెల డబ్బులు చూసి దిగులుపడకు.

రఫ్ మిక్స్‌లు పంపు. వాట్సాప్‌లో ఎంపీత్రీ పంపితే విననే వినను, సౌండు కుదించని వేవ్ ఫైలే కావాలి. ఒకరోజు రిహార్సల్‌కి వస్తాను. ఓ మూల కూర్చుంటా, నోరెత్తనని మాత్రం మాటివ్వలేను.

నీ మావయ్య