వేలెడు బొమ్మకు రంగులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల బొమ్మల గురించే. 28 నుంచి 32 మిల్లీమీటర్ల ఎత్తుండే ఈ బొమ్మలకు ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పెద్ద కేంద్రం. 1987లో మొదలైన ‘వార్‌హామర్ 40,000’ ఆట కూడా అక్కడిదే. రంగులు వేసే పద్ధతులు ఎక్కువగా ఆ చల్లటి దేశాల్లో కుదురుకున్నవి. మన ఎండకు, ఉక్కపోతకు, బోరు నీళ్లకు వాటిని కొంత మార్చుకోవాలి. కింద అడిగిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే.

స్ప్రే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసే పూత) కొడితే బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరుకుగా వచ్చింది. డబ్బా బాగా ఊపాను, 30 సెంటీమీటర్ల దూరం పాటించాను. ఎక్కడ తప్పు జరిగింది? (విజయవాడ)

ఆ దూరంలోనే. తుంపర తడిగా వచ్చి బొమ్మను తాకి, పరుచుకుని, ఆ తర్వాత ఆరాలి. మే నెల వేడిలో అది దారిలోనే ఆరిపోయి పొడిలా అంటుకుంటుంది. ఎండాకాలంలో 15 నుంచి 20 సెంటీమీటర్లకు దగ్గర పడండి. బొమ్మకు ఒక పక్కన గాలిలో మొదలుపెట్టి, బొమ్మ మీదుగా పోనిచ్చి, రెండో పక్కకు వెళ్లాక ఆపండి. ఒక్కో విసురు సెకను దాటకూడదు. డబ్బాను ఎండలో మాత్రం పెట్టకండి. 50 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదం ఉంది.

అలాగని తెల్లవారుజామున చల్లగా ఉంది కదా అని కొట్టినా చిక్కే. అప్పుడు గాలిలో తేమ ఎక్కువ. తేమ 70 శాతం దాటితే ప్రైమర్ సరిగా పట్టదు, మ్యాట్ వార్నిష్ (చివర వేసే మెరుపులేని రక్షణ పూత) అయితే పాలపొర కట్టినట్టు తెల్లబడుతుంది. కొన్ని వందల రూపాయలకు తేమ కొలిచే మీటరు దొరుకుతుంది. అది 65 కంటే తక్కువ చూపినప్పుడే స్ప్రే చేయండి. కోస్తా ఊళ్లలో అలాంటి రోజులు తక్కువ కాబట్టి, కుంచెతో వేసే అక్రిలిక్ ప్రైమర్‌కు మారమనే మా సలహా. దాన్ని రెండు పల్చటి పూతలుగా, మధ్యలో గంట విరామంతో వేయండి. రంగు మొదలుపెట్టే ముందు ఒక రోజంతా ఆరనివ్వండి. తొందరపడితే అది గోటితో గీకినా లేచి వస్తుంది.

గరుకు తక్కువగా ఉంటే పూర్తిగా ఆరాక పాత టూత్‌బ్రష్‌తో పొడిగా రుద్దండి. వార్నిష్ తెల్లబడి ఉంటే దాని మీద కుంచెతో గ్లాసీ (మెరిసే) వార్నిష్ ఒక పూత వేయండి. తెల్లదనం చాలావరకు పోతుంది. అది ఆరాక మ్యాట్ వార్నిష్‌ను కూడా కుంచెతోనే వేయండి. మ్యాట్ వార్నిష్‌లో మెరుపును తగ్గించే పొడి అడుగుకు దిగిపోతుంది కాబట్టి సీసాను ప్రతిసారీ బాగా ఊపాలి.

డాలస్ నుంచి సెలవులకు వస్తున్నాను. తమ్ముడు స్ప్రే ప్రైమర్లు తెమ్మంటున్నాడు. సూట్‌కేసులో పెట్టవచ్చా?

కుదరదు. స్ప్రే పెయింటును చేతి సంచిలోనూ, చెకిన్ సామానులోనూ ఒప్పుకోరు. నీటితో పలచన చేసే అక్రిలిక్ రంగు సీసాలు తీసుకురండి. మూతలు బిగించి, జిప్ కవర్లో పెట్టి చెకిన్ సామానులో వేయండి. మీ తమ్ముడికి పైన చెప్పిన కుంచె ప్రైమరే మేలు.

ప్యాలెట్ మీద రంగు ఐదు నిమిషాల్లో చిక్కబడుతోంది. వెట్ ప్యాలెట్ (రంగు ఆరకుండా అడుగున తడి ఉంచే డబ్బా) చేసుకుంటే మూడు రోజులకే బూజు వాసన కొడుతోంది. (హైదరాబాద్)

ముందు సీలింగ్ ఫ్యాన్ కట్టేయండి. ఫ్యాన్ కింద కూర్చుంటే ప్యాలెట్ మీదే కాదు, కుంచె కొన మీద కూడా రంగు ఆరిపోతుంది. తర్వాత వెట్ ప్యాలెట్ సంగతి. మూత గట్టిగా పడే స్వీటు డబ్బాలో కిచెన్ టిష్యూ మూడు మడతలు పరచండి. అది నిండా తడిసేలా నీళ్లు పోసి, మిగిలినవి వంచేయండి. పైన బేకింగ్ పేపర్ వేసి గాలి బుడగలు లేకుండా ఒత్తండి. మైనం పూసిన బటర్ పేపర్ పనికిరాదు, అది నీటిని పైకి రానివ్వదు. మరిగించి చల్లార్చిన నీళ్లు పోయండి, రాత్రిపూట డబ్బా ఫ్రిజ్‌లో పెట్టండి, టిష్యూ రెండు మూడు రోజులకోసారి మార్చండి. వాసన రాదు.

రంగు కలపడానికి ఆర్‌వో నీళ్లు వాడండి. బోరు నీళ్లలోని లవణాలు ముదురు రంగు వాష్ (సందుల్లోకి పారేలా వేసే పల్చటి రంగు) ఆరాక అంచున తెల్లటి గీతగా మిగులుతాయి. మామూలు రంగుకు చుక్కకు చుక్క నీళ్లతో మొదలుపెట్టి బొటనవేలి గోరు మీద పరీక్షించండి. కుంచె జాడలు మిగిలితే ఇంకా చిక్కగా ఉన్నట్టు, గోరు అంచుకు పారితే పలచనైనట్టు. ఆరడం నెమ్మదించే రిటార్డర్ పది చుక్కల రంగుకు ఒక్క చుక్క చాలు. అంతకు మించితే పూత జిగటగా ఉండిపోయి, రెండో పూత వేసేటప్పుడు కుంచెతో పాటే లేస్తుంది.

మందంగా రంగు పూసి పాడుచేసిన ప్లాస్టిక్ బొమ్మలున్నాయి. థిన్నర్‌తో కడగవచ్చా? (హనుమకొండ)

వద్దు. ఈ బొమ్మలు చాలావరకు పాలిస్టైరీన్. థిన్నర్, అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ రంగుతో పాటు ముఖాన్నీ కరిగించేస్తాయి. ఇంట్లో ఉండే గోధుమరంగు డెటాల్ ఈ పనికి బాగా సరిపోతుంది. మూత ఉన్న గాజు సీసాలో, నీళ్లు కలపకుండా, బొమ్మ మునిగేలా పోసి 24 గంటలు ఉంచండి. చేతికి గ్లౌజులు వేసుకుని టూత్‌బ్రష్‌తో రుద్దండి. చాలామంది ఇక్కడే బొమ్మను కుళాయి కింద పెట్టి దెబ్బతింటారు. నీరు తగిలితే ఊడిన రంగు తారులా జిగురుకట్టి సందుల్లో ఇరుక్కుంటుంది. ముందు వేరే గిన్నెలో కొత్త డెటాల్‌తో జాడించండి. రంగంతా పోయాకే గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్లు వాడండి.

వాసన పడకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడవచ్చు. కిటికీలు తెరవండి, దగ్గర్లో స్టవ్వు, దీపం ఉండకూడదు. రెజిన్ బొమ్మలను మాత్రం నానబెట్టే ముందు కనపడని మూలలో పరీక్షించండి.

చేతులు, భుజాలు కలిసేచోట సందులు కనిపిస్తున్నాయి. ఎంసీల్ పనికొస్తుందా? (రాజమహేంద్రవరం)

బేస్ (బొమ్మ నిలబడే అడుగు పలక) మీద రాళ్లు, మట్టి చేయడానికి బాగుంటుంది. ముఖానికి, చేతులకు దాని రేణువు ముతక, మిల్లీపుట్ లాంటి సన్నటి పుట్టీ కావాలి. కొండపల్లి కళాకారులు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, ఆపైనే రంగు ముడతారు. ఇక్కడా క్రమం అదే. ప్రైమర్ వేశాక సందు కనిపిస్తే అప్పటికే ఆలస్యం. తడి వేలితో పుట్టీని నునుపు చేసి, రాత్రంతా గట్టిపడనిచ్చి, 600 నంబరు ఎమరీ కాగితంతో రుద్దండి.

సింథటిక్ కుంచె కొన నెలకే కొక్కెంలా వంగుతోంది. సహజ వెంట్రుకల కుంచె కొనాలా? (గుంటూరు)

కళ్లు, అంచు గీతల కోసం ఒకటి నంబరు సేబుల్ (సహజ వెంట్రుకల) కుంచె ఒక్కటి కొనండి. మిగతా పనులకు, ముఖ్యంగా లోహపు రంగులకు, సింథటిక్ చాలు. రంగు వెంట్రుకల్లో సగం దాటి పైకి ఎక్కకూడదు, కుంచెను నీళ్ల గ్లాసులో నిలబెట్టి వదలకూడదు. ముంగిస వెంట్రుకల కుంచెలు ఎంత చవగ్గా చూపినా తీసుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అది నేరం, పైగా ఆ కొన కోసం ఒక ప్రాణిని చంపి ఉంటారు.

కళ్లు ఎప్పుడూ గుడ్లురిమినట్టు వస్తున్నాయి. (తిరుపతి)

మన విగ్రహాలకు కళ్లు చివర తెరుస్తారు. ఈ బొమ్మలకు ముఖం మీద చర్మం రంగు మొదటి పూత పడగానే తెరవండి, తప్పు జరిగితే చుట్టూ సరిదిద్దే వీలుంటుంది. ముందు కంటి గుంటలో ముదురు గోధుమరంగు గీత వేయండి. దానిలోపల, అంచు మిగిలేలా, మీగడ రంగు గీత. పచ్చి తెలుపు వద్దు, గుడ్లురిమినట్టు కనిపించడానికి ఒక కారణం అదే. రెండోది కనుపాపను చుక్కలా పెట్టడం. చుక్క చుట్టూ తెలుపు కనిపిస్తే ఎవరైనా బెదిరినట్టే ఉంటారు. పై రెప్ప నుంచి కింది రెప్ప దాకా నిలువు గీత గీయండి. రెండు కళ్లూ కొద్దిగా ఒకే పక్కకు చూసేలా పెడితే కుదిర్చడం తేలిక.

మోచేతులు బల్లకు ఆన్చి, రెండు మణికట్లు ఒకదానికొకటి తాకించి గీస్తే చెయ్యి వణకదు. సున్నాల నంబర్ల (00, 000 లాంటి అతి సన్నటి) కుంచెలతో రంగు ముఖం చేరేలోపే ఆరిపోతుంది, మొన తేలిన ఒకటి నంబరే వాడండి. గీత తప్పితే వెంటనే తడి కుంచెతో తుడవండి. ఆరిపోయిందా, చర్మం రంగుతో అంచు కప్పి మళ్లీ గీయండి. ఇలా మూడుసార్లు దాటితే మాత్రం కంటి గుంట రంగుతో పూడిపోతుంది. అప్పుడు ముఖం వరకు రంగు తీసి మొదలుపెట్టడమే దారి.