బూటు లేసు ఊడిన చోటు

అమ్మా,

దుబాయ్ నుంచి మూడు రోజుల సెలవు పెట్టుకుని జోర్డాన్‌లోని పాత రాతి నగరం పెట్రా చూసొచ్చి, వారం తిరక్కుండా వ్యాసం పంపావు. చాలా సంతోషం. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. అక్కడ కొండలో చెక్కిన ఖజానా అనే కట్టడం గురించే నాలుగు పేజీలు రాశావు. అందులో ‘అద్భుతం’ పదకొండు సార్లు వచ్చింది. మూడో పేజీ అడుగున మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పెట్రాలోకి వెళ్లే ఇరుకు దారి, ఆ సీక్ లోయలో నడుస్తుంటే బూటు లేసు ఊడిందనీ, గోడ వెంట ఉన్న రాతి గాడి మీద కాలు పెట్టి కట్టుకున్నాననీ రాశావు. అంతలోనే మళ్లీ ఖజానా వైపు వెళ్లిపోయావు. నాకు ఆ నాలుగు పేజీల కంటే ఈ ఒక్క వాక్యమే కావాలనిపించింది.

నువ్వు కాలు పెట్టింది నీళ్ల కాలువ మీద.

సీక్ పొడవు దాదాపు 1.2 కిలోమీటర్లు. కొన్నిచోట్ల వెడల్పు మూడు మీటర్లకు మించదు. ఆ ఇరుకులో ఒక గోడ వెంట కొండరాయిలోనే కాలువ తొలిచి, పైన పలకరాళ్లు పరిచారు. ఎదుటి గోడ వెంట కాల్చిన మట్టి గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి నడిపారు. పక్కనున్న వాడీ మూసా వైపు ఊటల నీళ్లు వాటిగుండానే ఊళ్లోకి వచ్చేవి. ఎడారిలో వాన కురిసేది ఏడాదిలో ఏ కొద్ది రోజులో. కురిస్తే మాత్రం ఆ నీళ్లన్నీ ఇలాంటి ఇరుకుల్లోకే విరుచుకుపడతాయి. అందుకే పెట్రాను కట్టిన అరబ్బు జనం నబతీయులు సీక్ మొదట్లోనే అడ్డుకట్ట కట్టి, వరదను కొండలో తొలిచిన సొరంగం గుండా పక్కకు మళ్లించారు. కాలం గడిచి అది పనికిరాకుండా పోయింది. 1963లో సీక్‌లోకి వరద వచ్చి 20 మందికి పైగా ఫ్రెంచ్ యాత్రికులు చనిపోయారు. ఆ తరువాత పాత కట్ట ఉన్నచోటే మళ్లీ కట్ట కట్టారు. నువ్వు నిశ్చింతగా నిలబడి లేసు కట్టుకున్నావంటే ఆ కట్ట పుణ్యమే.

ఈ జనం గురించి డయోడొరస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఒక సంగతి చెప్పాడు. ఎడారిలో నేల కింద నీటి తొట్లు తవ్వుకునేవారట. మూతి చాలా చిన్నది, లోపలికి పోయేకొద్దీ వెడల్పు. నింపాక మూతి మూసేసి, తమకు మాత్రమే తెలిసే గుర్తులు పెట్టుకునేవారట. దండెత్తి వచ్చినవాడు దాహంతో వెనుదిరగాల్సిందే. సాంబ్రాణి, బోళం మోసుకొచ్చే ఒంటెల బిడార్లు వాళ్ల దారినే ఎందుకు పట్టాయో దీన్నిబట్టి చూడు. నీళ్లు ఎక్కడున్నాయో తెలిసింది వాళ్లకే. నీ వ్యాసంలో ‘అపార సంపద’ అని రాశావు కానీ, అది ఎలా వచ్చిందో ఒక్క ముక్కా లేదు.

ఖజానా గురించి రాయొద్దనడం లేదు. ‘అల్ ఖజ్నే’ అంటే మన ఖజానాయే, ఆ మాట మనవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. కొండ తొలవడం ఎలా ఉంటుందో ఉండవల్లి చూసినవాళ్లకు తెలుసు. ముందువైపు అందం అందరి ఫోన్లలోనూ ఉంది. నువ్వు పక్కలకు చూడు. రెండు వైపులా నిచ్చెన మెట్లలా పై వరకూ గుంటలు కనిపిస్తాయి. పై నుంచి కిందికి చెక్కుకుంటూ దిగారు. ఊళ్లో సగంలో ఆగిపోయిన సమాధి ఒకటుంది, అది చూస్తే పని ఎలా నడిచిందో ఇట్టే తెలుస్తుంది. పైన స్తంభాల తలలు సిద్ధంగా ఉన్నాయి, కింద ఇంకా కొండే. ఖజానా శిఖరాన ఉన్న రాతి కలశం మీద తుపాకీ గుళ్ల దెబ్బలున్నాయి. లోపల బంగారం ఉందనుకుని కాల్చారు. అది గట్టి రాయి.

ఒక తప్పు నేను చేశాను, నువ్వు చెయ్యకు. మొదటిసారి వెళ్లొచ్చి, చెక్కిన ఆ ముఖద్వారాల వెనక నబతీయుల కుటుంబాలు కాపురం ఉండేవని రాశాను. అచ్చయింది కూడా. అవి ఎక్కువభాగం సమాధులని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. నబతీయుల ఇళ్లు ఎక్కువగా రాళ్లు పేర్చి కట్టినవి. క్రీ.శ. 363 నాటి భూకంపంలో ఊళ్లో చాలా కట్టడాలు కూలిపోయాయి. వారం రోజులు నాకు అన్నం సయించలేదు. చచ్చిపోయినవాళ్లు తిరిగొచ్చి మనల్ని సరిదిద్దలేరు కదా.

అన్నట్టు, 1812లో బర్కార్ట్ అనే స్విస్ యాత్రికుడు పెట్రాను ‘కనుగొన్నాడు’ అన్నావు. ఆ మాట కొట్టేశాను. మోషే ప్రవక్త అన్న హారూన్ సమాధి దగ్గర మేకను బలిస్తానని మొక్కు వంక పెట్టుకుని వెళ్లాడాయన. తోవ చూపించినవాడు అక్కడి మనిషే. బ్దూల్ అనే ఎడారి తెగ బెదూయిన్లు 1980ల దాకా అక్కడి తొలిచిన గుహల్లోనే బతికారు. తరువాత వాళ్లను పక్కన కొత్త ఊళ్లోకి తరలించారు. నీకు టీ పోసి, డబ్బు తీసుకోనన్న ముసలమ్మ గురించి ఫోన్లో చెప్పావే, ఆమె పుట్టిందెక్కడో అడిగావా? ఆమె వ్యాసంలో ఎందుకు లేదు?

లేసు వాక్యాన్ని మొదటికి తెచ్చి మళ్లీ రాయి. ఆ గాడి అంచు చేతికి నున్నగా తగిలిందా, గరుగ్గానా? లోపల ఇసుక పేరుకుందా? ఉలి గీతలు ఏటవాలుగా ఉన్నాయా? గుర్తులేకపోతే నీ ఫోటోలు పెద్దవి చేసి చూడు, ఊహించి మాత్రం రాయకు. సంక్రాంతికి ఊరొస్తావుగా, వచ్చేటప్పుడు తీసుకురా. అరుగు మీద కూర్చుని నువ్వే చదివి వినిపించాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు