ఆయుధపూజ మర్నాటి గుమ్మడికాయలు

మూడు బూడిదగుమ్మడికాయలు, సగం తీపిగుమ్మడి చెక్క మిగిలాయి, ఏం చెయ్యమంటారని అడిగావు తల్లీ. అసలు మూడెందుకు కొన్నట్టు? పండగ మర్నాడు బండివాడు సగం ధరకి ఇస్తానన్నాడనేగా! బెంగళూరుకి కొత్తగా వచ్చిన మనవాళ్ళందరూ ఇక్కడే బోల్తాపడతారు. చవగ్గా వచ్చిందని మోసుకొస్తారు, పదిరోజులు తిరక్కుండా చెత్తబండికెక్కిస్తారు. ఆ డబ్బుతో వారం కూరలొచ్చేవి.

సరే, ఉన్నవాటి సంగతి చూద్దాం. గుమ్మంలో దిష్టి తీసి కొట్టిన కాయ జోలికి వెళ్ళకు. లోపల కుంకుమ, చిల్లర, రోడ్డు దుమ్ము ఉంటాయి. చిల్లర ఏరేసి, చెక్కలు తడిచెత్తలో వెయ్యి. రోడ్డుమీదే వదిలేస్తే బళ్ళు జారతాయి. తడి, పొడి, శానిటరీ చెత్తల రూల్స్ మీ అపార్టుమెంటు నోటీసుబోర్డు మీదే ఉంటాయి, చదువుకో.

కొట్టని కాయలు తొందరపడి కొయ్యకు. బాగా ముదిరి, ఒళ్ళంతా బూడిద పట్టి, తొడిమ ఊడని కాయ గాలి తగిలేచోట నెలల తరబడి నిలవుంటుంది. ఆ బూడిదే దానికి మైనప్పూత. శుభ్రం పేరుతో తుడిచేశావా, కాపలా తీసేసినట్టే. గచ్చుమీద నేరుగా పెడితే అడుగు చెమర్చి అక్కణ్ణుంచే మెత్తబడుతుంది. మడతపెట్టిన గోనెపట్టా మీద పెట్టు.

దసరా అవగానే వడియాలకు దిగడం మనవాళ్ళు చేసే రెండో తప్పు. ఇది గుంటూరు ఎండ కాదమ్మా. ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వానలెక్కువ. బాల్కనీలో పెట్టిన వడియం పైకి ఎండినట్టే కనిపిస్తుంది, లోపల పచ్చిగా ఉండి మూడోనాటికి బూజు పడుతుంది. పప్పు ఖరీదు పోయినట్టే. ఫిబ్రవరి నెలాఖరుదాకా ఆగు. కిలో ముక్కలకి పావుకిలో పొట్టుమినప్పప్పు లెక్క. ముక్కలు గోరంత తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి, పల్చటి గుడ్డలో మూటకట్టి, రాత్రంతా మీద బరువు పెట్టు. పొద్దున్నే నానిన పప్పు గారెలపిండికన్నా గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఇంగువ వేసి కలుపు. పిండి జారైతే వడియం పల్చగా పరుచుకుపోతుంది, వేయిస్తే గుల్లగా రాదు. రెండోరోజు తిరగెయ్యి. నాలుగు మంచి ఎండలు తగిలాక విరిస్తే టక్కుమనాలి. మూటలోంచి దిగిన నీళ్ళు పారబోసేవు! దోసెలపిండి రుబ్బడానికి వాడుకో, ఉప్పు మాత్రం తగ్గించు.

అన్నాళ్ళు ఆగలేకపోతే ఒక కాయ కాశీహల్వాకి పెట్టు. ఈ ఊరి పెళ్ళిభోజనాల్లో వడ్డించేది అదే. మూడు కప్పుల తురుము దాని నీళ్ళలోనే ఉడికి, తడి ఇగిరిపోయాకే ఒకటింబావు కప్పు చక్కెర వెయ్యాలి. ముందే వేస్తే తురుము బిర్రబిగిసి ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. చివర్లో నాలుగు చెంచాల నెయ్యి చాలు. నెయ్యి ధర తెలుసుగా, హోటలువాడితో పోటీ వద్దు.

తీపిగుమ్మడిని ఇక్కడ సిహికుంబళ అంటారు. కోసిన చెక్కలో ముందు జిగురెక్కేది గింజల చుట్టూ ఉన్న పీచు. చెంచాతో గీకేసి, తొక్క తియ్యకుండా ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటుంది. వండేముందు పచ్చిముక్క నాలుక్కి తగిలించి చూడు. చేదుంటే ఏ గుమ్మడైనా మొత్తం పారెయ్యి, డబ్బు పోతే పోయింది. ఆ చేదు ఉడికినా విరగదు, కడుపు పాడుచేస్తుంది.

దప్పళంలో వెయ్యగా మిగిలిన ముక్కలు ఇడ్లీపాత్రలో పదినిమిషాలు ఆవిరిపట్టి, మెదిపి, పూటకొక డబ్బా చొప్పున ఫ్రీజర్లో పెట్టు. పచ్చిముక్కలే గడ్డకట్టిస్తే లోపలి నీరు మంచుగడ్డయి కండ చితికిపోతుంది, తీశాక పీచూ నీళ్ళూ మిగులుతాయి. కప్పు గుజ్జుకి రెండు, రెండున్నర కప్పుల గోధుమపిండి పడుతుంది. నీళ్ళు పొయ్యకు, పిండే కొంచెం కొంచెంగా కలుపుకుంటూ పో. చపాతీలు మర్నాటికీ మెత్తగా ఉంటాయి. లేత తొక్కైతే బీరపొట్టు పచ్చడిలాగే చేసుకోవచ్చు. గింజలు కడిగి, ఉప్పునీళ్ళలో పదినిమిషాలు ఉడికించి, ఆరబెట్టి, సన్నసెగ మీద వేయించు. షాపులో వీటికే ప్యాకెట్టు కట్టి ఎంత లాగుతారో ఒకసారి చూసిరా.

బాల్కనీలో కంపోస్టు డబ్బా ఉందన్నావు. బూడిదగుమ్మడి దాదాపు నీరే. చెక్కలకి చెక్కలు అందులో పడేస్తే గాలాడక కుళ్ళువాసన కొడుతుంది, పైఫ్లాట్‌వాళ్ళు కిందికి దిగుతారు. బొటనవేలంత ముక్కలు చేసి, ఒక డబ్బా ముక్కలకి రెండు డబ్బాల ఎండాకులో కోకోపీటో (కొబ్బరిపీచు పొట్టు) కలుపు. గింజలు మాత్రం అందులో వెయ్యకు. ఆ ఎరువు పోసిన నెలకల్లా నీ కరివేపాకు కుండీలో గుమ్మడిపాదు లేస్తుంది, అది కాశాక మళ్ళీ నాకే రాస్తావు.