నల్లగొండలో ఆరడుగుల ఉప్పునీటి అక్వేరియమా? సామాన్ల జాబితా కరెంటు నుంచి మొదలుపెట్టండి

"మాది నల్లగొండ. హాల్లో ఆరడుగుల సముద్రపు నీటి అక్వేరియం పెట్టాలని ఉంది. ఫిల్టరు, లైట్లు, పంపులు ఏ కంపెనీవి కొనాలి?" అని అడిగారు. నేనూ ఇక్కడివాణ్నే. మా ఇంట్లో 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంకు కొన్నేళ్లుగా నడుస్తోంది. కంపెనీల సంగతి పక్కన పెట్టండి. మే నెలలో రాత్రంతా కరెంటు లేకపోతే ఈ చేపలు ఎట్లా బతుకుతాయో ముందు తేల్చుకోండి. అది తేలితే ఏం కొనాలో సగం తేలినట్టే.

యూట్యూబ్‌లో చలి దేశాల వాళ్లు చెప్పే జాబితాలో హీటర్ మొదట ఉంటుంది. మనకు మొదట ఉండాల్సింది చిల్లర్, అంటే నీళ్లను చల్లబరిచే యంత్రం. సముద్రపు చేపలకు నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. మన దిక్కు ఎండాకాలం 44 దాకా పోతుంది, రాత్రి పదింటికి కూడా స్లాబు సెగ కొడుతూనే ఉంటుంది. ఈ కొలత ట్యాంకులో 680 లీటర్లు పడతాయి. అర హెచ్‌పీకి తగ్గిన చిల్లర్ మన ఎండకు ఆగదు. లోపలి కాయిల్ టైటానియంది అయి ఉండాలి. రాగి కాయిల్ అయితే ఉప్పు దాన్ని తినేస్తుంది, నీళ్లలోకి దిగిన రాగి రొయ్యల్ని, నత్తల్ని చంపేస్తుంది. చిల్లర్‌ని హాల్లో పెట్టొద్దు. నీళ్లలోంచి లాగిన వేడిని అదే గదిలో వదులుతుంది, మళ్లీ అదే వేడి నీళ్లకు ఎక్కుతుంది. గోడకు రంధ్రం కొట్టించి వెనక వరండాలో నీడ పట్టున పెట్టండి, పైపులకు ఫోమ్ చుట్టండి. ఎండాకాలం వోల్టేజీ తగ్గుతుంది కాబట్టి స్టెబిలైజర్ తప్పదు.

ఇప్పుడు కరెంటు సంగతి. ఒకసారి మే నెలలో సాయంత్రం గాలిదుమారం లేచింది. వాన పడలేదు గానీ వీధి చివర వేపచెట్టు కొమ్మ విరిగి వైర్ల మీద పడింది, స్తంభం పక్కకు వంగింది. లైన్‌మన్ టార్చి వేసి చూసి, తెల్లారేదాకా ఆశ పెట్టుకోవద్దన్నాడు. చిల్లర్ ఆగిపోయింది. సెల్‌తో నడిచే థర్మామీటర్ ట్యాంకు అద్దానికి అంటించి ఉంటుంది, అప్పుడు దాని మీద 26.2 ఉంది. తొమ్మిదిన్నరకు 27.3 అయింది. పసుపు రంగు ట్యాంగ్ చేప పంపు నీళ్లు దూకే మూలకు చేరి అక్కడే నిలబడిపోయింది, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. నీళ్లు వేడెక్కిన కొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, ఉప్పునీళ్లలో అది ముందే మంచినీళ్లలో కంటే తక్కువ. అందుకే చేప మొదట ఊపిరికి ఇబ్బంది పడుతుంది.

అమ్మ ఫ్రీజర్‌లోంచి ఐసు ట్రేలు తెచ్చి గుమ్మరించబోతే ఆపాను. ఐసు కరిగితే ఆ నీళ్లు ఉప్పును పలచన చేస్తాయి. మూత బిగించిన సీసాల్లో గడ్డ కట్టించి వేయాలి. అవి ఫ్రీజర్‌లో ఎండాకాలమంతా ఉంచుతాను, ఆ రాత్రీ వేశాను. అయితే లెక్క కట్టి చూడండి, రెండు లీటర్ల గడ్డ సీసా ఒకటి కరిగితే ఇంత పెద్ద ట్యాంకులో తగ్గేది పావు డిగ్రీకి కాస్త అటూ ఇటూ. అసలు కాపాడింది టేబుల్ ఫ్యాను. ట్యాంకు కింద క్యాబినెట్‌లో ఉండే ఫిల్టరు తొట్టిని సంపు అంటారు. ఆ క్యాబినెట్ తలుపులు ఊడదీసి, ఫ్యాను గాలి సంపులోని నీళ్ల మీద ఏటవాలుగా తగిలేలా పెట్టాను. ట్యాంకు పైమూత తీసేసి, చేపలు ఎగిరి బయటపడకుండా దోమతెర గుడ్డ పరిచి క్లిప్పులు పెట్టాం. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే 700 లీటర్ల నీళ్ల నుంచి దాదాపు 0.8 డిగ్రీ వేడి పట్టుకుపోతుంది. అంటే మూడు సీసాల గడ్డ చేసేంత పని. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు ఈ కిటుకు ఇంత బాగా పనిచేయదు, అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ. మన పొడి ఎండ ఇక్కడ మన వైపు నిలబడుతుంది. అర్ధరాత్రి 28.1 దగ్గర ఆగి, తెల్లారేసరికి 27.6కు దిగింది. సంపులో పంపు ఉండే అరలో నీళ్లు రెండు వేళ్ల మేర తగ్గాయి, ఐదు లీటర్ల దాకా ఉంటాయి. అన్ని లీటర్లూ ఆవిరైపోయినవే. పొద్దున మేత వేస్తే ట్యాంగ్ పైకొచ్చి తిన్నది.

ఇదంతా ఇన్వర్టర్ మీద నడిచింది. చిల్లర్‌ను ఇంటి ఇన్వర్టర్‌కు కలపొద్దు, కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటును అది మోయలేదు. సంపు నుంచి నీళ్లను పైకి ఎత్తే రిటర్న్ పంపు 60 వాట్లు, ట్యాంకులో నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ 20, ఫ్యాను 50 అనుకుంటే మొత్తం 130. 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు దాన్ని రాత్రంతా లాగుతుంది. ఈ బ్యాటరీని అక్వేరియానికే వదిలేయండి, ఇంట్లో ఫ్యాన్లకూ టీవీకీ వేరేది పెట్టుకోండి. సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి, చౌకగా వచ్చే స్క్వేర్ వేవ్ మీద పంపు మోటార్లు వేడెక్కి మూలుగుతాయి. దుకాణాల్లో ఫుల్ సెట్ అని అమ్ముతారు కదా, అందులో ఇన్వర్టర్ మాట ఎవరూ ఎత్తరు. నాకు కోపం వచ్చేది అక్కడే. మిర్యాలగూడలో మా బావమరిదికి హైదరాబాద్ దుకాణాయన ఒకరు లక్షకు పైగా సామాను అంటగట్టాడు. అందులో సగం డబ్బు లైట్లదే. చిల్లర్ అవసరం లేదు, ఏసీ చాలన్నాడట. కరెంటు పోతే ఏసీ కూడా పోతుందని ఆ పెద్దమనిషికి తెలియదా?

లైట్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆ ఖరీదైన నీలం లైట్లు పగడాల కోసం. మన దేశంలో పగడాలు, సముద్రపు గుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్లను దొంగచాటుగా అమ్మేవాళ్లున్నారు, వాటి జోలికి పోవద్దు. కేసు మాట ఎట్లున్నా, ఆ గుట్టలు పెరగడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో ఆలోచించండి. తయారుచేసిన పొడి రాళ్లు దొరుకుతాయి, చేపల మురికిని శుభ్రం చేసే బ్యాక్టీరియా వాటి మీద కూడా హాయిగా కుదురుకుంటుంది. కేవలం చేపలకైతే మామూలు ఎల్‌ఈడీ చాలు. ఆ మిగిలిన డబ్బు చిల్లర్‌కు, బ్యాటరీకి పెట్టండి. చేపల్లో కూడా హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలనే అడగండి, వాటి పెంపకం విధానాన్ని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) వాళ్లు ఎప్పుడో సాధించారు.

సంపు కొలత కూడా కరెంటే నిర్ణయిస్తుంది. పంపు ఆగగానే పై ట్యాంకులోంచి కొంత నీళ్లు కిందికి దిగుతాయి. ఆరడుగుల ట్యాంకులో ఒక్క అంగుళం దిగిందంటే 28 లీటర్లు. ఆ నీళ్లు పట్టే ఖాళీ సంపులో ఎప్పుడూ ఉండాలి. రిటర్న్ పైపుకు నీటి మట్టం కిందనే చిన్న రంధ్రం వేయిస్తే గాలి లోపలికి వెళ్లి సైఫన్, అంటే పైపు నీళ్లను వెనక్కి లాగడం, తెగిపోతుంది. నురుగుతో నీళ్లలోని మురికిని తీసే ప్రోటీన్ స్కిమ్మర్ సంపులోనే కూర్చుంటుంది, డబ్బా మీద రాసిన లీటర్లను సగానికి నమ్మండి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి లేచి ప్లగ్గులోకి వెళ్లాలి, అప్పుడు కారిన చుక్క బోర్డులోకి పోదు. కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి లేకుండా ఉప్పునీళ్లలో చెయ్యి పెట్టొద్దు.

నల్లగొండ అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు. సముద్రపు నీళ్లలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉంటుంది, చేపలకు అది కొత్త కాదు. బోరు నీళ్లలో మనల్ని ఏడిపించేవి సిలికా, నైట్రేట్. ఇసుక మీద, అద్దం మీద గోధుమ రంగు నాచు పట్టి వదలదు. కృష్ణా నీళ్ల నల్లా అయితే క్లోరిన్ ఉంటుంది. రెండింటికీ మందు ఆర్వోతో పాటు, అందులో మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్. కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించేదాకా శుద్ధి చేయాలి. ఇంట్లో తాగే ఆర్వో కానీ, ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యాను కానీ పనికిరావు, వాటిలో రుచి కోసం కొంత టీడీఎస్ ఉంచుతారు. బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్ నుంచి డ్రమ్ముల్లో సముద్రపు నీళ్లు తెస్తామనే వాళ్లూ ఉన్నారు. ఒడ్డు నీళ్లలో బురదా, ఊళ్ల మురికీ, వాన పడితే తగ్గిన ఉప్పూ ఉంటాయి. అక్వేరియం ఉప్పు లీటరుకు 35 గ్రాముల చొప్పున కలిపి, ఉప్పు సాంద్రత చూపే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 వచ్చిందో లేదో చూసుకోండి. నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరి కాదు, కాబట్టి రోజూ కలపాల్సింది ఉప్పులేని ఆర్వో నీళ్లే. ఎండాకాలం ఆ పని చేతితో అయ్యేది కాదు, తగ్గిన నీళ్లను తనంతట తానే నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టించండి.

రాళ్లు పేర్చి, ఉప్పునీళ్లు నింపాక నెల, నెలన్నర ఆగాలి. చేపలకు విషమైన అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రాకుండా ఏ చేపనూ తేవద్దు. బ్యాక్టీరియా కుదురుకోవడానికి ముందే నాలుగు డామ్సెల్ చేపలు వేసి చూడండనే దుకాణాలున్నాయి. అది వాటిని విషంలో ముంచడమే.

బరువు మర్చిపోకండి. నీళ్లు, అద్దం, రాళ్లు, స్టాండు కలిపితే టన్నుకు దగ్గర. ఇళ్ల స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు, ఈ ట్యాంకు ఆక్రమించే చోటు ఒక చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ అంతే. మేడ మీద ఈశాన్యం మూలే కావాలని వాస్తు పండితులు చెప్తే వినకండి. ఆ మూల కింద దూలం ఉందో లేదో ఇల్లు కట్టిన ఇంజినీరు చెప్పాలి. కింద అంతస్తు అయితే ఏ గోడ పక్కనైనా సరే, షాబాద్ బండలు ఎగుడుదిగుడుగా ఉంటే ముందు లెవెల్ చేయించండి.

మీ హాలు కింద ఉందా, మేడ మీదా? వెనక వరండాలో నీడ ఉందా? ఇప్పుడున్న ఇన్వర్టర్ ఎంతది? ఈ మూడూ రాస్తే చిల్లర్ ఎంతది కావాలో, పైపు ఎట్లా తీసుకెళ్లాలో లెక్క వేసి చెప్తాను.