మార్కులున్నా ల్యాబ్ ఇంటర్వ్యూ ఎందుకు పోతోంది?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ 82 శాతం మార్కులతో పూర్తి చేసింది. రొయ్యల ఎగుమతి ప్లాంటులో ఒకటి, ఆహార పరీక్షల ల్యాబ్‌లో ఒకటి, రెండు ఇంటర్వ్యూలకు వెళ్లింది. రెండూ పోయాయి. మిగిలిన అన్నం మళ్లీ వేడి చేస్తే తినొచ్చా లాంటి వంటింటి ప్రశ్నలు అడిగారట. ఈ కోర్సుకు విలువ లేదని బంధువులు అంటున్నారు. ఎమ్మెస్సీ చేయించాలా, డీఎంఎల్‌టీలో (ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేర్చాలా, సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు పంపాలా?
– ఒక తండ్రి, నెల్లూరు జిల్లా

జవాబు: బంధువుల మాట కాసేపు పక్కన పెట్టండి. నెల్లూరు జిల్లాలో ఉండి మైక్రోబయాలజీకి పనేముంది అనడం నాకైతే వింతగా ఉంది. దేశం నుంచి విదేశాలకు వెళ్లే రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. ఆ సరుకు ఓడ ఎక్కాలంటే ల్యాబ్ రిపోర్టు కావాలి. పని ఉంది. ఆ పనికి వాళ్లు ఎలాంటి మనిషిని వెతుకుతున్నారన్నది ఆ వంటింటి ప్రశ్నలోనే ఉంది.

మీ అమ్మాయి ఏం జవాబిచ్చిందో మీరు రాయలేదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువ మంది, వేడికి బ్యాక్టీరియా చనిపోతుంది కాబట్టి తినొచ్చు అంటారు. అక్కడే ఇంటర్వ్యూ ముగిసిపోతుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్ల (గట్టి కవచంతో నిద్రాణంగా ఉండే, విత్తనం లాంటి కణాలు) రూపంలో ఉండడం మామూలే. అన్నం ఉడికినా స్పోర్లు చావవు. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అవి మొలకెత్తి, పెరిగి, సెరులైడ్ అనే విషాన్ని తయారుచేస్తాయి. సాయంత్రం దాన్ని పెనం మీద వేయించి ఫ్రైడ్ రైస్ చేస్తే బ్యాక్టీరియా చస్తుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది. ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్‌లా ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే యంత్రం) 121 డిగ్రీల దగ్గర గంటకు పైగా ఉంచినా అది చెక్కుచెదరదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. (మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నం లెక్క వేరు, అక్కడ పులుపు కూడా ఆటలోకి వస్తుంది.)

ఇక్కడి నుంచి కింది భాగం అమ్మాయి చేతికే ఇవ్వండి.

అమ్మా, స్పోర్ నిర్మాణం నువ్వు మొదటి ఏడాదిలో చదివావు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా గురించి సెల్ బయాలజీ పేపర్లో చదివావు. ఆహార విషాలు చివరి ఏడాదిలో వచ్చి ఉంటాయి. మూడింటికీ మంచి మార్కులే వచ్చి ఉంటాయి. సెరులైడ్ ఉంగరంలా చుట్టుకున్న చిన్న పెప్టైడ్ (ప్రొటీన్ ముక్క లాంటిది) అనీ, అది పొటాషియం అయాన్లను మైటోకాండ్రియా పొర దాటించి దాని పని చెడగొడుతుందనీ తెలిస్తే ఆ మూడు పేపర్లూ ఒక్క పళ్లెం అన్నంలో కలుస్తాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసేది ఆ కలుపుకోవడాన్నే.

రొయ్యల ప్లాంటులో తప్పక ఎదురయ్యేది సాల్మొనెల్లా, ఆహారం ద్వారా జబ్బు చేసే బ్యాక్టీరియా. 25 గ్రాముల నమూనాలో అది అసలు ఉండకూడదు. పద్ధతి నీకు తెలిసే ఉంటుంది: 25 గ్రాములను 225 మిల్లీలీటర్ల బఫర్డ్ పెప్టోన్ వాటర్ అనే తేలికపాటి పోషక ద్రవంలో వేసి సుమారు 37 డిగ్రీల దగ్గర 18 గంటలు ఉంచడం, ఆ తర్వాతే సెలెక్టివ్ బ్రాత్‌లు (ఇతర బ్యాక్టీరియాను అణిచే ఘాటైన ద్రవాలు), ఆపైన ఎక్స్‌ఎల్‌డీ ప్లేటు (సాల్మొనెల్లాను రంగుతో గుర్తుపట్టే పెంపక పళ్లెం), ఎర్రటి కాలనీ నడిమధ్యలో నల్లటి చుక్క. ఇంతవరకూ అందరూ అప్పజెబుతారు. నేరుగా సెలెక్టివ్ బ్రాత్‌లోనే ఎందుకు వేయకూడదు అని అడిగితే గది నిశ్శబ్దమవుతుంది. గడ్డకట్టించిన రొయ్యలో బ్యాక్టీరియా పొరలు దెబ్బతిని ఉంటాయి. అలాంటి కణాన్ని ఘాటైన బ్రాత్‌లో పడేస్తే, ఇతర బ్యాక్టీరియాతో పాటు అదీ చస్తుంది. రిపోర్టులో ‘లేదు’ అని వస్తుంది, సరుకులో మాత్రం ఉంటుంది. జ్వరం నుంచి లేచినవాడికి ముందు గంజి పట్టినట్టు, దానికి మొదట తేలికపాటి ఆహారం ఇచ్చి కోలుకోనివ్వాలి. ఆ నల్ల చుక్క ఎందుకు వస్తుందో కూడా చెప్పగలగాలి: సాల్మొనెల్లా హైడ్రోజన్ సల్ఫైడ్ విడుదల చేస్తుంది, అది మీడియంలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ప్రోటియస్ కూడా నల్లబరుస్తుంది కాబట్టి అక్కడితో ఆగకుండా బయోకెమికల్, సీరాలజీ పరీక్షలతో నిర్ధారించాలి.

మరొకటి, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్. రొయ్యల్లో దాని అవశేషం దొరికితే సరుకు వెనక్కి వస్తుంది. ఈ మందు బ్యాక్టీరియాలో ప్రొటీన్లు తయారుచేసే 70ఎస్ రైబోజోమ్ మీద పనిచేస్తుంది. మన కణాల్లోవి 80ఎస్ కదా, మనకు హాని ఎందుకు? మన మైటోకాండ్రియాలోని రైబోజోములు బ్యాక్టీరియా వాటిని పోలి ఉంటాయి. ఎముక మజ్జ మీద ఆ మందు చూపే దుష్ప్రభావానికి ఇదొక కారణం. ఇంటర్‌లో బట్టీపట్టిన 70ఎస్, 80ఎస్ అంకెలకు మీ ఊరి రొయ్యల చెరువుతో ఉన్న సంబంధం ఇది. ఇలాంటి ‘ఎందుకు’లను ఒక నోటుపుస్తకంలో రాసుకో, ఇంట్లో ఎవరికైనా బయటికి చెప్పి చూపు. ప్లేట్ల మీద బ్యాక్టీరియాను ఇంట్లో పెంచి సాధన చేయమని కొందరు సలహా ఇస్తారు. అది వద్దు, ప్రమాదం.

మళ్లీ మీకు. నా సలహా: ముందు ఒక ఏడాది ఉద్యోగం, ఆ తర్వాత ఎమ్మెస్సీ. ప్లాంటు ల్యాబ్‌లో ట్రైనీగానైనా సరే చేరనివ్వండి. జీతం మొదట్లో తక్కువే, రాత్రి షిఫ్టులు కూడా ఉండవచ్చు, దాపరికం ఎందుకు? ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యతను గుర్తించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ అయితే రికార్డులు రాసే క్రమశిక్షణ కూడా అబ్బుతుంది. మందుల కంపెనీల్లోనూ, హైదరాబాద్ జినోమ్ వ్యాలీ టీకా సంస్థల్లోనూ స్టెరిలిటీ పరీక్షలకు (సూక్ష్మజీవులు లేవని తేల్చేవి) ఇదే నైపుణ్యం కావాలి.

ఎమ్మెస్సీ ఎందుకంటే, మీ అమ్మాయి ఫుడ్ అనలిస్ట్ (ఆహార నమూనాలను పరీక్షించి అధికారికంగా రిపోర్టు ఇచ్చేవారు) కావాలంటే పీజీ, ఆహార విశ్లేషణలో మూడేళ్ల అనుభవం, ఆపైన పరీక్ష పాసవడం తప్పనిసరి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు మైక్రోబయాలజీ డిగ్రీ సరిపోతుంది కానీ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ రావు. దాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోబెట్టకండి. పరిశోధన వైపు మనసుంటే గేట్ ప్రవేశ పరీక్షలోని లైఫ్ సైన్సెస్ పేపర్లో మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ రెండూ ఎంచుకునే వీలుంది.

డీఎంఎల్‌టీ మంచి చదువే, ఆసుపత్రి పని ఇష్టమైతే. రెండు ఇంటర్వ్యూలు పోయాయన్న దిగులుతో మాత్రం చేర్చకండి. సాఫ్ట్‌వేర్ గురించి ఆమె అడగలేదు, మీరు అడిగారు. అందుకే దాని జోలికి పోవడం లేదు. ఉద్యోగం గ్యారంటీ అంటూ వేలకు వేలు గుంజే ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సులకు దూరంగా ఉండండి.

ఎమ్మెస్సీకి కాలేజీ చూసేటప్పుడు ప్రాస్పెక్టస్‌లోని ఫొటోలు చూసి మోసపోకండి. పనిరోజున వెళ్లి ల్యాబ్ చూపించమనండి. ఆటోక్లేవ్ పనిచేస్తోందా, ఇంక్యుబేటర్‌లో ఆ వారం వేసిన ప్లేట్లు ఉన్నాయా, ప్లేటు మీద పేరు ఒక్క విద్యార్థిదా లేక పదిమంది బ్యాచ్‌దా, ఈ మూడూ మీ కళ్లతో చూశాకే ఫీజు కట్టండి.