నీడబాటలో పరుగు: మీరడిగినవి

అడవి బాటల మీద పరుగు గురించి ఈమధ్య వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: స్టేడియంలో వారానికి మూడు రోజులు 5 కిలోమీటర్లు ఉరుకుతున్నా, 35 నిమిషాలు పడుతుంది. ఇకమీదట అప్పన్నపల్లి దిక్కు మయూరి పార్కులో, చెట్ల నీడన మట్టిబాట మీద మొదలుపెడదామనుకుంటున్నా. మార్చి, ఏప్రిల్‌ల కూడా నీడ ఉంటదా? – మహబూబ్‌నగర్

మార్చిలో మీరనుకున్నంత ఉండదు. మన పక్కది ఆకురాల్చే అడవి. వానలు వెలిసిన అక్టోబరులో గుబురుగా కనిపించిన బాటే మార్చికల్లా బోడికొమ్మలతో నిలబడుతుంది. మోదుగ ఎర్రగా విరగబూసిందంటే దాని కింద నీడ లేదనే లెక్క. టేకు తొలకరి దగ్గరపడేదాకా నిండదు. వేప, కానుగ నయం. ఆకు రాల్చినా తొందరగా చిగురిస్తాయి, ఉగాది దాటేసరికి కింద మళ్లీ నీడ పరుచుకుంటుంది. చింత, మర్రి ఎండాకాలంలోనూ ఆదుకుంటాయి. కాబట్టి బాట ఎంచుకునేటప్పుడు ఇవాళ ఎంత పచ్చగా ఉందని కాదు, పక్కన ఏ చెట్లున్నాయో చూడండి.

అంతకన్నా ముఖ్యం మీరు ఏ వేళకు మొదలుపెడతారన్నది. 5 మీటర్ల ఎత్తున్న వేపచెట్టు నీడ పొద్దుపొడిచిన గంటకు దాదాపు 19 మీటర్లు సాగుతుంది. రెండు గంటలకు 9 మీటర్లకు, మూడు గంటలకు 5 మీటర్లకు కుంచించుకుపోతుంది. మొదటి గంటలో బాటకు తూర్పున పలచగా నాలుగు వరసల చెట్లున్నా చాలు, వాటి నీడలు ఒకదాని మీదొకటి పడి బాటను కప్పేస్తాయి. మూడో గంటకు నెత్తిమీద గుబురు లేకపోతే ఎండే. ఉత్తర దక్షిణాలుగా పోయే బాట, దానికి తూర్పున చెట్లు గానీ గుట్ట గానీ ఉంటే పొద్దుటి పరుగుకు అంతకు మించింది లేదు. తూర్పు పడమరల బాటైతే ఒక దిక్కు పోయేటప్పుడు సూర్యుడు సూటిగా కళ్లలో పడతాడు, కాలికింది రాయి కనపడదు. మార్చి ఆఖరున మన దగ్గర 6:15 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. 7:45 కల్లా ముగించేలా చూసుకోండి. గేటు ఎన్నింటికి తీస్తారో ముందురోజే కనుక్కోండి.

పార్కు 2,087 ఎకరాలు. మొదటి రోజు ఉరకొద్దు, నడవండి. రెండు కిలోమీటర్ల చుట్టు ఒకటి ఎంచుకుని తర్వాతి రోజుల్లో దాన్నే రెండుసార్లు తిరగండి. కాలు మడతపడినా, తల తిరిగినా గేటు కిలోమీటరు దూరంలోనే ఉంటుంది. కిలోమీటర్లు లెక్కపెట్టకండి, అవే 35 నిమిషాలు పెట్టుకోండి. స్టేడియంలో 5 వచ్చినవారికి మట్టిబాట మీద 4, మహా అయితే 4.3 వస్తుంది. దమ్ము తగ్గిందని దిగులుపడనక్కర్లేదు. చెట్ల గుబురు కింద చేతి గడియారం దూరాన్ని తప్పుగా చూపడం కూడా మామూలే. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వేగం సరిపోతుంది. ఎక్కుడు వస్తే నడవండి.

ప్రశ్న: దిగుడు బాటలో మొరం మీద రెండుసార్లు జారిపడ్డాను. బూట్లు మార్చాలా? – జడ్చర్ల

ముందు అడుగు మార్చండి. గట్టినేల మీద పరుచుకున్న మొరం రాళ్లు గోలీల్లా దొర్లుతాయి. దిగేటప్పుడు భయంతో ఒళ్లు వెనక్కి వాల్చి, కాలు ముందుకు చాచి మడమ మోపుతాం. ఆ మడమ కింద గోలీలు దొర్లితే వెల్లకిలా పడక తప్పదు. మోకాళ్లు కొంచెం వంచి, అడుగు సగానికి తగ్గించి, పాదం మొత్తం ఒంటి కిందనే పడేలా గబగబా వేయండి. చూపు 3–4 మీటర్ల ముందు ఉండాలి.

నీడబాటలో ఇంకో చిక్కుంది. ఆకుల సందుల్లోంచి పడే ఎండమచ్చల మధ్య వేరు ఏదో, నీడ ఏదో తేలదు. ఎండలోంచి చీకటి నీడలోకి వెళ్లిన మొదటి నాలుగైదు అడుగుల్లో కళ్లు ఇంకా సర్దుకోవు, తట్టుకుని పడేది అక్కడే. నల్లకళ్లద్దాలు తీసేసి అంచున్న టోపీ పెట్టుకోండి, ఆ నాలుగడుగులు పాదం ఒక అంగుళం ఎక్కువ ఎత్తండి. రాలిన టేకాకుల మీద వేగం వద్దు, కింద గుంత ఉన్నా తెలియదు.

ఇక బూట్లు. చెలక నేల మీదికి రోడ్డు బూట్లే నడుస్తాయి. కొత్తవి కొనేటట్లయితే 3–4 మిల్లీమీటర్ల గాట్లున్న అడుగు చాలు. మరీ లోతు గాట్లలో వానాకాలం రేగడి అతుక్కుని ఒక్కో కాలు కిలో బరువనిపిస్తుంది. తుమ్మముల్లు మెత్తటి అడుగులోకి దిగి కొన విరిగి ఉండిపోతుంది, నాలుగు రోజులకు పాదంలో గుచ్చుకుంటుంది. ఇంటికి రాగానే అడుగుభాగం బొటనవేలితో నొక్కి చూసి, చిమటాతో లాగేయండి.

కాలు బెణికి నాలుగడుగులు కూడా వేయలేకపోతున్నా, చీలమండ ఎముక వెనకంచు నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. కట్టు కట్టి ఊరుకోకండి.

ప్రశ్న: పిల్లలమర్రి కింద పొద్దున్నే నాలుగు చుట్లు తిరిగితే ఏమవుతుంది? అంత నీడ ఇంకెక్కడా లేదు కదా. – మహబూబ్‌నగర్

దయచేసి ఆ ఆలోచన మానుకోండి. దాదాపు ఏడువందల ఏండ్ల చెట్టని చెప్పుకునే ఆ మర్రి చెదలతో కూలిపోయే స్థితికి వచ్చింది. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదల మందు చుక్కచుక్కగా ఎక్కించి బతికించుకున్నారు. మనుషుల అడుగులు పదేపదే పడితే మట్టి గట్టిపడి వేళ్లకు గాలి, నీరు అందవు. కొత్త ఊడలు నేలలో పాతుకోలేవు. ఆ నీడను కంచె అవతలి నుంచి చూసి తృప్తిపడదాం.

ప్రశ్న: మన్ననూరు దగ్గర అడవిలో ఒంటరిగా పరుగెత్తవచ్చా? – అచ్చంపేట

వద్దు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. పులి, చిరుత, ఎలుగుబంటి తిరిగే చోట, అదీ తెల్లవారుజామున పరుగెత్తితే వాటి కంటికి ఎరలా కనిపిస్తారు. అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం కూడా.

ప్రశ్న: పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీద గంటసేపు పరుగెత్తుతాను. చివర్లో కళ్లు తిరుగుతున్నాయి. నీడ లేకనేనా? పాములంటే కూడా భయం. – నల్లగొండ

నీడ లేకపోవడం ఒక కారణం, ఉప్పు, నీళ్లు చాలకపోవడం ఇంకోటి. వేడి నెలల్లో గంటను 40 నిమిషాలకు తగ్గించండి. బయల్దేరే ముందు ఒక గ్లాసు తాగి, అర లీటరు సీసా వెంట ఉంచుకుని పది నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగండి. చెమట ఎక్కువ పట్టేవారు ఇంటికొచ్చాక ఓఆర్ఎస్ తాగవచ్చు: లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో సమంగా తలగొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు అంతకు మించొద్దు. బీపీ మందులు వాడేవారు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. వేడిలోనూ ఒంటికి రోమాలు నిక్కబొడుచుకున్నా, మాట తడబడినా వెంటనే ఆగి, నీడకు చేరి, మెడ మీద, చంకల్లో నీళ్లు పోసుకోవాలి. మాట తడబడితే పక్కనున్నవారు 108కి ఫోన్ చేయాలి. తగ్గుతుందిలే అని ఆ రోజు మళ్లీ పరుగందుకోకండి. నీళ్లు, విశ్రాంతి సరిగ్గా ఉన్నా కళ్లు తిరగడం ఆగకపోతే డాక్టరుకు చూపించుకోండి.

పాములకు మీ అడుగుల చప్పుడు నేలగుండా తెలుస్తుంది, చాలావరకు తప్పుకుంటాయి. రక్తపింజరి మాత్రం కదలకుండా ఎండుటాకుల్లో కలిసిపోయి ఉంటుంది. అందుకే బాట నడిమి నుంచే పరుగెత్తండి, గడ్డిలో కాలు పెట్టకండి, పొద్దు పొడవకముందు టార్చి పట్టుకోండి. కరిస్తే గాటు పెట్టడం, తాడు బిగించడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. కాలు కదలకుండా ఒక కట్టెకు వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా, పాము విషానికి మందున్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.