సెల్ సిగ్నల్ లేనిచోట బండిలోని జీపీఎస్ ట్రాకర్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది, బండి ఎక్కడుందో దానికి తెలుస్తూనే ఉంటుంది, కాకపోతే ఆ సంగతి మీ ఫోన్‌కు అప్పటికప్పుడు చేరదు.

ట్రాకర్‌లో జరిగేవి రెండు వేర్వేరు పనులు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు సమయాన్నీ, తమ కక్ష్య వివరాలనూ ప్రసారం చేస్తుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, అవి వచ్చిన సమయాలను బట్టి ట్రాకర్‌లోని రిసీవర్ తన చోటును లెక్కగట్టుకుంటుంది. నాలుగోది ఎందుకంటే, రిసీవర్ గడియారంలోని తేడాను సరిచేయడానికి. ఒక్క మైక్రోసెకను తప్పితే దూరంలో 300 మీటర్లు తేడా వస్తుంది మరి! ఇంతవరకు సిమ్, డేటా అక్కర్లేదు. తేలిన చోటును సెల్ నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌కు, అక్కడినుంచి మీ ఫోన్‌కు చేర్చడానికే ట్రాకర్‌లో సిమ్.

శ్రీశైలం వెళ్లే బస్సు మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక సిగ్నల్ పోయిందనుకోండి. మ్యాప్‌లో బస్సు గుర్తు ఉన్నచోటే ఆగిపోతుంది. ట్రాకర్ మాత్రం దారిలో తేలిన చోట్లను మెమరీలో దాచుకుని, సిగ్నల్ రాగానే పంపేస్తుంది. గుర్తు ఒక్కసారిగా గెంతినట్టు కనిపించినా, తర్వాత హిస్టరీ తీస్తే దారంతా ఉంటుంది. ప్రజారవాణా బండ్లకు పెట్టే, ఏఐఎస్-140 అనే ప్రమాణం ప్రకారం చేసిన పరికరాల్లో ఇలా దాచుకునే ఏర్పాటు తప్పనిసరి. చవక ట్రాకర్లలో మెమరీ తక్కువ, కొన్నింటిలో అసలుండదు. కొనేముందు అడగాల్సింది ఇదే.

ఉపగ్రహమే బండిని కనిపెట్టి ఫోన్‌కు చెబుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మీ బండి ఉందన్న సంగతే దానికి తెలియదు. సెల్లార్ పార్కింగ్‌లో కథ తిరగబడుతుంది: సెల్ సిగ్నల్ ఉన్నా ఉపగ్రహాలు అందవు, అందుకే మ్యాప్ చివరిసారి దొరికిన చోటునే చూపిస్తుంది.